గవ్వ కొలిచిన కాలం

బాబాయి జాబితాని ఎప్పుడూ కింది నుంచి పైకి చదువుతాడు. నలభై మూడో పేరుతో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ నింపాదిగా, మధ్యమధ్య కళ్ళజోడు తుడుచుకుంటూ. అడుగున ఉన్నవాళ్ళ బాధ తొందరగా తీరిపోవాలి, పైనున్నవాళ్ళు కాసేపు ఉడకాలి అని ఆయన సిద్ధాంతం. ఆయన అక్కడ ఎవరికీ సొంత బాబాయి కాడు. ఒకప్పుడు మిల్లులో బాయిలర్ చూసేవాడు. ఇప్పుడు చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాముల బలాబలాలు తేల్చి, నెలకో జాబితా వేస్తాడు.

ఆ ఆదివారం పొద్దున్న దర్జీ వదిన కొట్టు మీది గదిలో, తమ తమ కంప్యూటర్ల మీద ఆటలు ఆడించి జాబితాకి సాయపడే ఏడుగురూ చేరారు. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల, దాని మీద సుద్దగీతలు, దారప్పోగులు, ఏడు టీ గ్లాసులు. కిటికీ పక్కన అక్క కూర్చుంది. బల్లకి అవతల, సరిగ్గా ఎదురుగా, ఆమె చెల్లెలు.

"మూడు," అన్నాడు బాబాయి. "గవ్వ."

అక్క చేతిలోని గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది. గవ్వ ఆమె రాసిన ప్రోగ్రాము. పదకొండేళ్ళుగా రాస్తూనే ఉంది, దిద్దుతూనే ఉంది. నాలుగేళ్ళుగా అది ఒకటో స్థానంలోనో రెండో స్థానంలోనో తప్ప ఇంకెక్కడా కూర్చోలేదు.

రెండో స్థానం ముక్కూమొహం తెలియని ఎవరో రాసి పంపినదానిది. దాని మీద ఆమెకి కోపమేమీ లేదు. మనిషి కనిపించకపోతే కోపం నిలవదు.

"ఒకటి." బాబాయి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "తూనీగ. రెండోదాని కన్నా ముప్ఫైఎనిమిది పాయింట్లు పైన."

తూనీగ చెల్లెలిది. రాయడం మొదలుపెట్టి రెండేళ్ళు కూడా నిండలేదు.

చప్పట్లు కొట్టారు. "ఇంకేం, ఒకటీ మూడూ ఒకే ఇంట్లో," అంది దర్జీ వదిన. "ఇవాళ్టి నుంచి అన్నాల దగ్గర ఎవరికెవరు వడ్డిస్తారర్రా?"

అక్క కూడా చప్పట్లు కొట్టింది. రెండే కొట్టింది, లెక్కపెట్టి.

ఆ పిల్లకి ఏం నేర్పలేదు తను? పదమూడేళ్ళప్పుడు బల్ల కింద కూర్చుని "అక్కా, అది ముందుకి ఎలా చూస్తుందే?" అని అడిగితే, చొక్కా గుండీలు నేల మీద పరిచి, ఈ ఎత్తు వేస్తే ఇన్ని దారులు, ఆ ఎత్తు వేస్తే అన్ని దారులు, పనికిరాని దారి మొదట్లోనే తుంచెయ్యాలి అని చూపించింది. తను గ్రంథాలయం పుస్తకం ముందేసుకుని ఒక్కతే మూడేళ్ళు కొట్టుకుని తెలుసుకున్నది చెల్లెలికి మూడు సాయంత్రాల్లో చెప్పేసింది. దాచుకోవాలన్న ఊహే రాని రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే, ఇంటి తాళంచెవి తనే తీసి చేతిలో పెట్టినట్టుంది.

అయినా గవ్వకి ఉన్నదొకటి తూనీగకి లేదు. అది తలుచుకుని అక్క ఆ రోజు ఇంటి దాకా నడిచింది.

ఏడుగురి దగ్గరా ఏడు రకాల కంప్యూటర్లు. వేగంగా లెక్కలు వేసే మిషను మీద ఏ ప్రోగ్రామైనా తెలివిగా ఆడుతుంది. నెమ్మదిగా వేసేదాని మీద మహామహా ప్రోగ్రాములు కూడా మొద్దుల్లా ఆడతాయి. మరి ఒకరింట్లో ఆడిన ఆటల్నీ ఇంకొకరింట్లో ఆడిన ఆటల్నీ కలిపి ఒకే జాబితా వెయ్యడం న్యాయమెలా అవుతుంది? దానికి బాబాయి ఏనాడో ఒక ఉపాయం చేశాడు. వేగం మిషనుకి తక్కువ సమయం, నెమ్మది మిషనుకి ఎక్కువ సమయం. ఏది ఎంత వేగమో తేల్చడానికి ఒక ప్రోగ్రామును కొలబద్దగా పెట్టాడు. ఇరవై చిక్కుముళ్ళు దానికిచ్చి, ఎన్ని సెకన్లలో విప్పుతుందో చూస్తారు. బాబాయి సొంత మిషను మీద మూడువందల సెకన్లు పడుతుంది. అక్కడ ఆటకి ఒక్కో పక్షానికి గంట. ఇంకో మిషను మీద నూట యాభై సెకన్లలో విప్పిందంటే అది రెండింతల వేగం, కాబట్టి అక్కడ అరగంటే.

ఆ కొలబద్ద గవ్వ.

పదకొండేళ్ళ కిందటి గవ్వ, ఒక్క అక్షరం మార్చకుండా అలాగే ఉంచినది. ఆటలాడే గవ్వ ఏటేటా మెరుగుపడుతుంది గానీ కొలిచే గవ్వ మారకూడదు. అందుకే అక్కని అందరూ గవ్వమ్మ అంటారు. గెలుపోటములు వస్తాయి, పోతాయి. కానీ ఎవరి ఇంట్లో ఎవరు ఆడినా వాళ్ళ గడియారం తిరిగేది గవ్వ చెప్పిన లెక్క ప్రకారమే. తూనీగ గెలిచిన ప్రతి ఆటా గవ్వ ఇచ్చిన సమయంలో గెలిచిందే. ఈ మాట ఆమె పైకి ఎప్పుడూ అనలేదు. అనే అవసరం ఉంటుందనీ అనుకోలేదు.

ఆ వారమంతా అక్క కళ్ళద్దాల దుకాణంలో పని ముగించుకుని తిన్నగా ఇంటికొచ్చి, తూనీగ ఆడిన ఆటల ఫైళ్ళు ముందేసుకుని కూర్చుంది. ఏ ప్రోగ్రాము ఏ ఎత్తు వేసేముందు ఎన్ని ఎత్తులు ముందుకి చూసిందో ఆ ఫైళ్ళలో రాసి ఉంటుంది. చెల్లెలు రక్తపరీక్షల ల్యాబు నుంచి ఆలస్యంగా వస్తుంది. ఈలోగా చూసేసి మూసెయ్యాలి. వచ్చినప్పుడు "ఏం చూస్తున్నావక్కా?" అంటే "ఏం లేదు" అనాలి. గురువారానికి దొరికింది.

ఆరు మిషన్ల మీద తూనీగ సగటున ఇరవై ఎత్తులు ముందుకి చూస్తోంది. ఏడో మిషను మీద, అంటే గడియారాలు బాగుచేసే అన్నయ్య ఈమధ్య తెచ్చుకున్న కొత్తదాని మీద, ఇరవై ఒకటి. సమయం సరిగ్గా సర్దితే ఏ మిషను మీదైనా ఒకే లోతు రావాలి కదా. గవ్వకి చూడు, ఏడింటి మీదా పద్దెనిమిదే, గీత గీసినట్టు. తూనీగ ఎక్కువ గెలిచిందీ ఆ ఏడో మిషను మీదే.

ఆ కొత్త మిషనుని అమర్చి పెట్టిందెవరు? చెల్లెలు. రెండు ఆదివారాలు వాళ్ళ కొట్లోనే ఉంది. గవ్వతో కొలిచి, నూట యాభై సెకన్లని రాసిచ్చింది కూడా చెల్లెలే.

అక్క గుండె దడదడలాడింది. బాధతో కాదు. సంతోషమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది గానీ, అది అదే. నలభై మూడు ప్రోగ్రాముల లెక్కలూ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. ఆమె రెండింటివే చూసింది.

మళ్ళీ ఆదివారం, టీలు వచ్చాక, "బాబాయ్, ఒక మాట," అంది. ఆమె ఆ గదిలో మాట్లాడటమే అరుదు. అందరూ తలెత్తారు. "అన్నయ్యగారి కొత్త మిషను కొలిచిందెవరు?"

"నేనే," అంది చెల్లెలు. "ఏం?"

"కొలిచేటప్పుడు దాని మీద ఇంకేమైనా నడుస్తోందా?"

"ఇంకేమైనా అంటే?"

"ఇంకో ఆటో, ఇంకో పనో. మిషను సగం మనసు అటు పెడితే గవ్వకి ఎక్కువ సేపు పడుతుంది. ఎక్కువ సేపు పడితే మిషను నెమ్మదనుకుంటాం. నెమ్మదనుకుని ఆటకి ఎక్కువ సమయం ఇస్తాం. సమయం పెరిగితే అందరికన్నా ఎక్కువ బలపడేది ఏదో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. సమయం పెంచేకొద్దీ తూనీగ మిగతావాటి కన్నా ఎక్కువ పుంజుకుంటుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

గడియారాల అన్నయ్య అక్క వైపు తిరిగి తడబడ్డాడు. "చెల్లమ్మా, నా కొట్లో ఏం నడుస్తాయమ్మా, గోడల నిండా గడియారాలు తప్ప?" అన్నాడు. ఇంకోరోజైతే నవ్వేవాళ్ళు.

"నన్ను దొంగ అంటున్నావా అక్కా?" చెల్లెలు గొంతు చాలా మామూలుగా ఉంది.

"అడుగుతున్నాను, అంతే."

"అడగడం ఇలా ఉండదు."

"తప్పు చెయ్యకపోతే భుజాలు తడుముకోవడం ఎందుకు?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అని దర్జీ వదిన కత్తెరతో చెప్పినట్టు చెప్పింది. అక్కకి వినిపించింది. వినిపించాలనే అంది.

బాబాయి చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. "పెద్దమ్మాయ్, అన్నది నువ్వు కాబట్టి తేల్చాల్సిందీ నువ్వే. వెళ్ళి మళ్ళీ కొలువు. వచ్చే జాబితా రోజున చెప్పు. అప్పటిదాకా ఆ మిషను మీది ఆటలు పక్కన పెడతాను."

చెల్లెలు టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

రెండు గదుల ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకుండా బతకడం ఎంత కష్టమో ఆ మూడు వారాల్లో తెలిసింది. ఎదురెదురు వస్తే ఒకరు గోడకి అతుక్కోవాలి. మధ్యలో తల్లికి పనిపడింది.

"అమ్మా, వేణ్ణీళ్ళు కాగాయని చెప్పు," అనేది చెల్లెలు, అక్క రెండడుగుల దూరంలో తల దువ్వుకుంటుండగా.

"వేణ్ణీళ్ళు కాగాయిటే," అనేది తల్లి.

"విన్నానని చెప్పమ్మా."

"విందిటే. మీ ఇద్దరి నోళ్ళూ నా ఒక్కదానికే ఇచ్చారు, నా నోరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అసలు ఆ ఆట ఆడేది మీరా? అవేవో ఆడుకుంటాయి, మీరు కొట్టుకుంటారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

అక్క దువ్వెన పడేసి స్నానానికి పోయేది.

బుధవారం సగం పూట సెలవు పెట్టి అక్క గడియారాల కొట్టుకి వెళ్ళింది. సన్నటి కొట్టు. కుర్చీ జరపాలంటే ముందు అన్నయ్య లేచి నిలబడాలి. కొత్త మిషను బల్ల కింద ఉంది. ఆమె దాన్ని పూర్తిగా ఆపి, మళ్ళీ పెట్టింది. నడుస్తున్నవన్నీ ఒక్కొక్కటే మూసేసింది. గవ్వకి ఇరవై చిక్కుముళ్ళూ ఇచ్చింది.

నూట యాభై సెకన్లు.

మళ్ళీ ఇచ్చింది. నూట యాభై ఒకటి. మళ్ళీ. నూట నలభై తొమ్మిది.

"తేలిందా చెల్లమ్మా?" అన్నాడు అన్నయ్య, కంటికి పెట్టుకున్న చిన్న భూతద్దం తియ్యకుండానే.

"ఇంకొక్కసారి చూస్తాను."

నాలుగోసారీ అంతే. చెల్లెలు రాసిచ్చింది నిజం. ఊపిరి పీల్చుకోవాల్సిన చోట అక్కకి ఎవరో చేతిలోది లాక్కున్నట్టు అనిపించింది. తేలిపోయిందని ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పొచ్చు. ఎదురుగానే కూర్చుని ఉంది. చెప్పలేదు. జాబితా రోజుకి ఇంకా వ్యవధి ఉంది కదా అనుకుంది. మరి ఆ ఇరవై ఒకటో ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తేలకుండా ఏం చెప్తాం అని కూడా అనుకుంది. ఆ రెండో కారణం మంచిది. కానీ మొదట వచ్చింది అది కాదు.

దుకాణంలో సోమవారం పొద్దున్నే ఆమె చేసే మొదటి పని అద్దాల పవరు చూసే మిషనుని సరిచూడటం. పవరు ముందే తెలిసిన అద్దం ఒకటి చిన్న డబ్బాలో దూదిలో పెట్టి ఉంటుంది. దాన్ని మిషనులో పెడితే తెలిసిన అంకె రావాలి. రాకపోతే ఆ రోజు ఎవరి కళ్ళజోడూ చెయ్యరు. ఏడేళ్ళుగా ప్రతి సోమవారం చేస్తోంది. ఆ సోమవారం కూడా అద్దం పెట్టింది, అంకె సరిగ్గా వచ్చింది, అద్దాన్ని తుడిచి దూదిలో పెట్టబోయి అలా నిలబడిపోయింది.

గవ్వని ఎవరు సరిచూశారు?

ఏ మిషను మీదైనా గవ్వకి ఎంత సమయం ఇవ్వాలో చెప్పేది గవ్వ. తను కుంటుతూ నడిచినచోట, దారి పొడుగని చెప్పి, ఆ కుంటుకి సరిపడా సమయం తనే ఇప్పించుకుంటుంది. అందుకే ఏడింటి మీదా పద్దెనిమిది, గీత గీసినట్టు. అది నిజాయితీకి గుర్తనుకుంది తను. అది దేనికీ గుర్తు కాదు. తనని తాను కొలుచుకునే కొలబద్ద ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

ఆ సాయంత్రం మిగతా నలభై ఒక్క ప్రోగ్రాముల లెక్కలూ తీసింది. ఒక్కటి తప్పకుండా అన్నీ కొత్త మిషను మీద ఒక ఎత్తు ఎక్కువ చూస్తున్నాయి. తూనీగ ఒక్కటే కాదు. చూడనిది గవ్వ ఒక్కటే.

మర్నాడు బాబాయి ఎప్పుడో రాసుకున్న ముసలి ప్రోగ్రామునీ ఇంకో నాలుగింటినీ పట్టుకుని మళ్ళీ గడియారాల కొట్టుకి వెళ్ళింది. ఒక్కోదానికీ అవే ఇరవై చిక్కుముళ్ళు. బాబాయి మిషను మీద పట్టిన సమయాన్ని దీని మీద పట్టిన సమయంతో భాగించింది. నాలుగు. నాలుగుంబావు. మూడు ముప్పావు. నాలుగు. నాలుగు. కొత్త మిషను నాలుగింతల వేగం. గవ్వకి మాత్రం రెండింతలుగా కనిపించింది. అంటే ఆటకి పావుగంట ఇవ్వాల్సినచోట అరగంట ఇచ్చారు.

కారణం ఇంటికొచ్చి గవ్వని తెరిచి చూస్తే పది నిమిషాల్లో దొరికింది. దొరకదా మరి, తను రాసిందే. పదకొండేళ్ళ కిందట తన మిషను లెక్క వెయ్యడంలో నిదానం. అందుకని ఉండగల జవాబులన్నీ ముందే పెద్ద పట్టికగా వేసి పెట్టింది. అవసరమైనప్పుడల్లా గవ్వ వెళ్ళి ఆ పట్టికలో చూసుకుంటుంది. ఆ రోజుల్లో అది గొప్ప తెలివి. బాబాయి ముచ్చటపడి కొలబద్ద చేసింది ఆ వేగం చూసే. కొత్త మిషన్లకి లెక్క వెయ్యడం చిటికెలో పని, పట్టిక దాకా వెళ్ళి రావడమే ఆలస్యం. ఏడెనిమిదులెంతో నోటికి వచ్చినవాణ్ణి కూడా గవ్వ ప్రతిసారీ పక్క గదిలోకి పోయి ఎక్కాల పుస్తకం చూసి రమ్మంటోంది.

ఆటలాడే గవ్వలోనూ ఇప్పటికీ ఉన్న ఆ పట్టిక వెయ్యడానికి ఆమెకి ఏడు నెలలు పట్టింది. బల్ల కింద కూర్చున్న పిల్ల అప్పుడు "ఇదంతా ఎందుకక్కా, అప్పటికప్పుడు లెక్కేసుకోదా?" అని అడిగింది. "నీకు తెలియదులే," అంది తను.

శుక్రవారం చెల్లెలు ల్యాబుకి వెళ్ళాక తల్లి ఉల్లిపాయలు తరుగుతూ అంది: "చిన్నది ఇంక ఆ గొడవలోంచి తప్పుకుంటుందిట. దాని ప్రోగ్రామును తీసెయ్యమని బాబాయికి ఉత్తరం రాసి పెట్టుకుంది. ఆదివారం ఇచ్చేస్తుందిట."

"ఎందుకూ?"

"నన్నడుగుతావేం? నువ్వే అన్నావుట కదా ఏదో."

అక్క టీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. తూనీగ ఉండదు. ఎంత తేలిక. తను ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. కొలత సరిగ్గానే ఉంది, చెల్లెలి తప్పు లేదు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నా చాలు, గవ్వ కుంటు సంగతి ఎవరికీ తెలియదు. చెల్లెలు పౌరుషానికి ఎలాగూ వెనక్కి రాదు. గవ్వ పైకి వస్తుంది. ఆ ముక్కూమొహం తెలియనిదాన్ని దాటడం ఎంతసేపు? కొలబద్దా గవ్వే. బాబాయి కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, "ఒకటి, గవ్వ" అంటాడు. ఆ మాట మనసులో విని చూసుకుంది. మొదటిసారి తియ్యగా ఉంది. రెండోసారి చప్పగా ఉంది. మూడోసారి విన్నప్పుడు "తూనీగ ఉండి ఉంటేనా" అన్న దర్జీ వదిన గొంతు కూడా దాని వెనకాలే వచ్చింది. ఇక ఎన్నిసార్లు విన్నా ఆ గొంతు లేకుండా రాలేదు.

టీ చల్లారిపోయింది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో ఒక చీటీ వెనక లెక్క వేసింది. సమయం తప్పిన ఆటలన్నీ, అంటే కొత్త మిషను మీద ఆడిన ఏడువందల చిల్లరా, తీసేస్తే ఏమవుతుంది? తూనీగ ఆధిక్యం తగ్గుతుంది. గవ్వ రెండో స్థానానికి వస్తుంది. మూడుసార్లు వేసింది. మూడుసార్లూ తూనీగే ఒకటి, పద్నాలుగు పాయింట్లు పైన. అంటే నిజం చెప్తే కొలబద్ద పోతుంది, ఆ పోయినదానికి బదులుగా ఏమీ రాదు. పొరుగువాడికి అపశకునం కోసం ముక్కు కోసుకున్నవాడికి కనీసం అపశకునమైనా దక్కుతుంది.

ఆదివారం చెల్లెలు చేతిలో కవరుతో వచ్చి కూర్చుంది. బాబాయి జాబితా కాగితం విప్పకముందే అక్క లేచింది.

"నేను అన్న మాట తప్పు," అంది. "మిషనుని నాలుగుసార్లు కొలిచాను. చెల్లెలు రాసిచ్చిన అంకె నిజం. అది తేలి పద్దెనిమిది రోజులైంది. నేను చెప్పలేదు."

తరవాతి మాటలు ఆమె బల్ల మీది సుద్దగీతల్ని చూస్తూ చెప్పింది. కొత్త మిషను నాలుగింతలని, గవ్వ రెండింతలంటోందని, పట్టిక సంగతి, ఏడువందల ఆటలు పారెయ్యాలని. రేపు ఇంకొకరు కొత్తది కొంటే అక్కడా ఇదే జరుగుతుందని. కాగితం బాబాయి ముందుకి తోసింది.

బాబాయి దాన్ని చాలాసేపు చదివాడు. "పదకొండేళ్ళు," అన్నాడు. "కొలబద్దని పెట్టినవాణ్ణి నేను. ఏనాడూ అనుమానం రాలేదు."

"అయితే నా మిషను మంచిదే అన్నమాట," అన్నాడు గడియారాల అన్నయ్య. ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మరిప్పుడు దేంతో కొలుస్తాం?" అంది దర్జీ వదిన.

బాబాయి తలెత్తాడు. "తూనీగ ఉంది కదా. కొత్తది, పట్టికలూ గిట్టికలూ లేవు. చిన్నమ్మాయ్, నీకిష్టమైతే..."

"వద్దు," అంది అక్క.

అంత గట్టిగా అంటుందని ఆమే అనుకోలేదు. అందరి గడియారాలూ తూనీగ చెప్పిన లెక్కన తిరుగుతాయి. గవ్వ ఆడే ప్రతి ఆటా తూనీగ ఇచ్చిన సమయంలో ఆడాలి. అది కళ్ళముందు కనబడగానే వచ్చిన మాట.

"ఇదిగో, పొగ బయటికొచ్చింది," అంది దర్జీ వదిన. "కడుపులో మంట ఎంతసేపు దాగుతుంది?"

"మంటే వదినా. కాదనను," అంది అక్క. "అయినా వినండి. తూనీగ కూడా పదేళ్ళ తరవాత ఏదో ఒక మిషను మీద కుంటుతుంది. అప్పుడూ ఎవరికీ తెలియదు, ఎందుకంటే కొలిచేదాని కుంటు దానికి కనిపించదు. ఏ ఒక్కటీ వద్దు. అయిదు పెడదాం. అయిదింటితోనూ కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకుందాం. ఒకటి కుంటితే మిగతా నాలుగూ పట్టిస్తాయి."

అప్పుడు చెల్లెలు మూడు వారాల్లో మొదటిసారి ఆమె మొహంలోకి చూసి మాట్లాడింది.

"అయిదు చాలవు. రెండు ఒకేలా కుంటితే? ఏడు పెట్టాలి."

"సరే, ఏడు."

"ఆ ఏడులో గవ్వ ఉండకూడదు."

అక్కకి చెంపలు వేడెక్కాయి. ఆ మాటలో న్యాయం ఎంతో, కసి ఎంతో విడదియ్యడం కష్టం. విడదీసినా కాదనడానికేం లేదు. "ఉండదు," అంది. "తూనీగా ఉండకూడదు. జాబితా వేసే మన ఏడుగురిలో ఎవరు రాసినదీ ఉండకూడదు."

"ఉండదు."

"నా ముసల్దాన్ని కూడా తీసేసినట్టేనా?" అన్నాడు బాబాయి.

"తీసేసినట్టే బాబాయ్," అన్నారు ఇద్దరూ.

చెల్లెలు కవరుని మడిచి సంచిలో పెట్టుకుంది. ఇవ్వలేదు.

ఇంటికి ఇద్దరూ ఒకే దారిన నడిచారు. వేరే దారి లేదు కాబట్టి. మందుల దుకాణం దాటాక చెల్లెలు అంది, "నేను కాకూడదనే కదా అయిదు అన్నావు?"

"అవును."

"అయినా మాట సరైందే."

"అదీ అవునే."

"పద్దెనిమిది రోజులు," అంది చెల్లెలు. "తెలిసీ నన్ను అలా ఉంచేశావు. ఎలా వచ్చిందక్కా నీకు మనసు?"

అక్క అబద్ధాలు రెండు మూడు వెతికింది. నోటికి రాలేదు. "నువ్వు నిజంగా దొంగవైతే బాగుండుననిపించింది."

చెల్లెలు ఆగింది. తిడుతుందనుకుంది అక్క. తిట్టలేదు, ఏడవలేదు. బూటులో రాయి దూరినవాళ్ళు నిలబడినట్టు నిలబడింది అంతే. తరవాత నడవడం మొదలుపెట్టింది గానీ, పక్కన కాదు, ఒక అడుగు ముందు.

"ఆ ఆటలన్నీ పారేసినా నాదే ఒకటి," అంది వెనక్కి చూడకుండా.

"తెలుసు. పద్నాలుగు పాయింట్లు."

"ఎప్పుడు లెక్కేశావు?"

"శుక్రవారం."

చెల్లెలు వెనక్కి తిరిగింది. "అంటే చెప్పకముందే."

"చెప్పకముందే."

ఇల్లు వచ్చింది. గేటు దగ్గర గడియ తీస్తూ చెల్లెలు మామూలు గొంతుతో అంది, "ఆ పట్టిక తీసేస్తే గవ్వ ఎంత పెరుగుతుందో ఎప్పుడైనా చూశావా? పాతిక పాయింట్లయినా వస్తాయి. నా దగ్గర అప్పటికప్పుడు లెక్క వేసే ముక్క ఉంది. కావాలంటే ఇవాళే పెట్టి చూద్దాం."

పద్నాలుగు. పాతిక. రెండంకెలూ అక్క తలలో పక్కపక్కన నిలబడ్డాయి. ఆ ముక్క ఎంత చక్కగా రాసుంటుందో కూడా ఊహకి అందింది. ఒక్క గీత ఎక్కువ తక్కువ లేకుండా, తను ఏడు నెలలు పడ్డది పది వరసల్లో. దాన్ని తెచ్చి గవ్వలో పెట్టుకుని, దాంతో గెలవడం.

"గవ్వని ముట్టుకోకు," అంది అక్క. "నేనే రాసుకుంటాను."

"ఎన్నాళ్ళు పడుతుందో?"

"ఎన్నాళ్ళైనా పట్టనీ, నీకెందుకు?"

"నాకెందుకేం, ఒకటో స్థానంలో ఉన్నది నేనుగా," అని చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది. అక్క చెప్పులు విప్పి, కాళ్ళయినా కడుక్కోకుండా, తిన్నగా వెళ్ళి తన బల్ల ముందు కూర్చుని గవ్వని తెరిచింది.